ఏడు లంకెల గొలుసు: ఒక విమర్శ

కంప్యూటరు మీద దాడి అనగానే పిడుగుపాటు వంటి సంఘటన తలపునకు వచ్చును. అంతవరకు చక్కగా పనిచేయుచున్న యంత్రము ఒక్క క్షణములో చెడిపోయినదనియు, అంతకు ముందు ఏమియు జరుగలేదనియు పలువురు భావింతురు. వార్తాపత్రికలు కూడ ఒక తేదీని, ఒక నష్టమును పేర్కొని ఊరకుండును. కాని పిడుగు సైతము ఒక్క క్షణమున పుట్టునది కాదు. మెరుపు మెరియుటకు చాల ముందు నుండియే మేఘములో విద్యుదావేశము కూడుచుండును. కంప్యూటరు దాడికి కూడ ఇట్టి పూర్వరంగము కలదు. దానిని క్రమబద్ధముగా వివరింప యత్నించిన రచనలలో మిక్కిలి ప్రసిద్ధమైనది 2011లో అమెరికాలో వెలువడిన ఒక పరిశోధన పత్రము. దాడిని ఏడు లంకెల గొలుసుగా వర్ణించు ఆ పత్రము నేడు కంప్యూటరు రక్షణను బోధించు తరగతులన్నిటను వినిపించుచున్నది. ఇంత ప్రచారము పొందిన సిద్ధాంతమును, తెలుగునాట నిజముగా జరిగిన రెండు సంఘటనలతో సరిపోల్చి చూచిన దాని బలము, బలహీనత రెండును తేటపడగలవు.

పత్రము చెప్పునది

ఈ పత్రమును రచించినవారు ఎరిక్ హచిన్స్, మైకేల్ క్లోపర్ట్, రోహన్ అమీన్ అను మువ్వురు. వీరు యుద్ధవిమానములను నిర్మించు లాక్‌హీడ్ మార్టిన్ సంస్థకు చెందినవారు. గురిని కనుగొనుట మొదలు దానిని కూల్చువరకు జరుగు పనులను సైనికులు ఒక గొలుసుగా భావించుట వాడుక. ఆ భావమునే వీరు కంప్యూటర్లకు అన్వయించిరి. దాడి చేయువాడు తన పని నెరవేరుటకు ఏడు దశలను వరుసగా దాటవలెననియు, వానిలో ఏ యొక్క దశయందు ఆటంకము కలిగినను అతని పని చెడుననియు వీరి వాదము.

ఆ ఏడు లంకెలు ఇవి. మొదటిది ఆరా తీయుట: సంస్థలో ఎవరెవరు పనిచేయుచున్నారు, వారి ఈమెయిలు చిరునామాలేవి, వారు వాడు యంత్రములేవి అని తెలిసికొనుట. రెండవది ఆయుధమును సిద్ధపరచుట: చూచుటకు మామూలు జాబు వలెనో, లెక్కల పట్టిక వలెనో కనిపించు ఫైలులో హానికరమైన ప్రోగ్రామును దాచుట. మూడవది చేరవేయుట: ఆ ఫైలును ఈమెయిలు ద్వారా గాని, పెన్‌డ్రైవు ద్వారా గాని, వెబ్‌సైటు ద్వారా గాని అవతలివారికి అందజేయుట. నాలుగవది లోపమును వాడుకొనుట: కంప్యూటరులోని ఏదో యొక ప్రోగ్రామునందలి పొరపాటును ఆసరాగా గైకొని, దాచిన ప్రోగ్రాము నడచుట. అయిదవది పాతుకొనుట: యంత్రమును ఆపి మరల నడిపినను పోకుండ అందులోనే నిలిచియుండుట. ఆరవది బయటి ఆజ్ఞకు లోబడుట: ఆ యంత్రము దూరముననున్న దుండగునితో సంబంధము పెట్టుకొని, అతడు చెప్పినట్లు చేయుట. ఏడవది ఉద్దేశము నెరవేర్చుకొనుట: రహస్యములను గాని, ధనమును గాని అపహరించుట, లేదా యంత్రములను పాడుచేయుట.

పత్రము యొక్క సుగుణము

ఈ వర్ణనలో గొప్ప సుగుణమొకటి కలదు. ఆపగలిగిన దాడిని కూడ ఇది వదలిపెట్టదు. మూడవ లంకె వద్దనే దాడి ఆగిపోయినప్పుడు, సామాన్యముగా రక్షకుడు "బ్రతికితిమి" అనుకొని ఆ ఫైలును చెరిపివేయును. అట్లు చేయరాదని రచయితలు చెప్పుచున్నారు. అది ఆగకుండ ముందుకు పోయినచో ఏ ప్రోగ్రామును పాతియుండెడిది, ఏ చిరునామాతో సంబంధము పెట్టుకొనెడిది అని తుదివరకు పరిశీలించి వ్రాసి ఉంచవలెనందురు.

ఇందుకు వారు తమ సంస్థలో 2009 మార్చి నెలలో జరిగిన మూడు యత్నములను ఉదాహరణముగా చూపిరి. మార్చి 3, 4 తేదీలలో వచ్చిన రెండు ఉత్తరములలో పత్రములను చదువుటకు వాడు అడోబీ ప్రోగ్రాములోని ఒక లోపమును దుండగులు ఉపయోగించిరి. ఆ రెండును ఆగిపోయినవి. మార్చి 23న వచ్చిన మూడవ దానిలో పవర్‌పాయింట్ ప్రోగ్రామునందు అప్పటికి ఎవరికిని తెలియని క్రొత్త లోపమును వాడిరి. తెలియని లోపమునకు మందు ఉండదు. అయినను మొదటి రెండింటిని ఓపికగా విప్పి చూచియుండుటచేత, మూడవ దానిలోని తరువాతి లంకెలు వెనుకటివానినే పోలియున్నవని గుర్తింప గలిగిరి. దొంగ తాళపుచెవిని మార్చెను గాని నడకను మార్చలేదన్నమాట. విఫలమైన యత్నము కూడ విజ్ఞానమునకు సామగ్రియే అని చాటుట ఈ పత్రము చేసిన మేలు. ప్రయోగశాలలో పొరపాటు వచ్చిన ఫలితమును కొట్టివేయక నోటుపుస్తకములో ఉంచవలెనని విద్యార్థులకు చెప్పునది కూడ ఇదియే కదా!

మొదటి పరీక్ష: హైదరాబాదు బ్యాంకు

ఇక ఈ గొలుసును నిజముగా జరిగిన దాడి ప్రక్కన పెట్టి చూడవలెను. 2022 జనవరిలో హైదరాబాదులోని ఏపీ మహేష్ కోఆపరేటివ్ అర్బన్ బ్యాంకు నుండి 12 కోట్ల 48 లక్షల రూపాయలు దోచుకొనబడినవి. పోలీసులు మార్చి నెల చివర వెల్లడించిన వివరములనుబట్టి, ఈ దాడి జనవరిలో మొదలైనది కాదు. 2021 నవంబరులోనే బ్యాంకు ఉద్యోగులకు మాయ ఈమెయిళ్లు సుమారు 200 వచ్చినవి. ఇద్దరు ఉద్యోగులు వానిని తెరచిరి. అంతటితో, దూరము నుండి కంప్యూటరును నడిపించుటకు వీలు కల్పించు ప్రోగ్రాము లోపల పాతుకొన్నది. మీటలు నొక్కిన ప్రతి నొక్కును గమనించుచు దుండగులు పాస్‌వర్డులను తెలిసికొనిరి. ఇక వారు తొందరపడలేదు. జనవరి 22, 23 తేదీల వరకు వేచియుండిరి. ఆ రోజులు నాలుగవ శనివారము, ఆదివారము. బ్యాంకులకు సెలవు దినములు.

ఆ సెలవులలో సొమ్ము ముందుగా ఆ బ్యాంకులోనే సిద్ధపరచుకొనిన కొన్ని ఖాతాలలోనికి, వాని నుండి ఇతర బ్యాంకులలోని నూటికి పైగా ఖాతాలలోనికి, ఆ మీదట మరి సుమారు 400 ఖాతాలలోనికి పారినది. తుదకు దేశములో అక్కడక్కడ తొమ్మిది వందలకు పైగా ఏటీఎంల నుండి నగదుగా బయటపడినది. సోమవారము బ్యాంకు తలుపులు తెరచునప్పటికి పని చాలవరకు ముగిసినది. బ్యాంకు రక్షణ ఏర్పాట్లలోని లోపములకు గాను రిజర్వు బ్యాంకు 2023లో 65 లక్షల రూపాయల జరిమానా విధించినది.

ఇందులో ఏడు లంకెలును కనిపించుచున్నవి. ఆ మేరకు పత్రము నెగ్గినది. అయితే తేదీలను లంకెల మీద వ్రాసి చూచినచో మూడు కొరతలు బయటపడును.

మొదటి కొరత ఇది. పటములో ఏడు లంకెలును ఒకే పరిమాణమున గీయబడును. చూచువాడు వానికి పట్టు కాలము కూడ సమానమనుకొనును. నిజమునకు చేరవేత, లోపమును వాడుకొనుట, పాతుకొనుట అను మూడు లంకెలకు పట్టినది ఒక ఉత్తరమును తెరచునంతసేపు. ఆరవ లంకెకును ఏడవ లంకెకును నడుమ రెండు నెలలకు పైగా గడచినది. ఆపుటకు చిక్కిన అవకాశమంతయు ఆ రెండు నెలలలోనే యున్నది. కాని గొలుసు బొమ్మలో అది ఒక చిన్న సందు మాత్రమే.

రెండవ కొరత ఏమనగా, ఏడవ లంకె ఒక మూట వంటిది. ఉద్దేశము నెరవేర్చుకొనుట అని ఒక్క మాటలో ముగించినారు. ఒక యంత్రము నుండి మరియొక యంత్రమునకు ప్రాకుట, పాస్‌వర్డులను ఏరుకొనుట, తగిన దినమునకై కాచుకొనుట, సొమ్మును వందలాది ఖాతాలలో చెదరగొట్టుట ఇవన్నియు ఆ ఒక్క మాటలోనే ఇమిడిపోయినవి. నష్టము ఎక్కడ జరుగుచున్నదో అక్కడనే వర్ణన పలుచబడుట ఒక పెద్ద లోపము.

మూడవ కొరత అన్నిటికన్న ముఖ్యమైనది. ఖాతాలను సమకూర్చుట కంప్యూటరు నెట్‌వర్కులో జరుగు పని కాదు. అది మనుష్యుల నడుమ జరుగును. కమీషనుకు ఆశపడి తమ ఖాతాను, ఏటీఎం కార్డును ఇతరుల చేతికిచ్చువారు లేనిచో ఆ 12 కోట్లు తెరమీది అంకెలుగానే ఉండిపోయెడివి. ఇట్లు ఖాతాలను అద్దెకిచ్చు బేరములలోనికి చదువుకొను యువకులను కూడ లాగుచుండుట అందరెరిగినదే. "నేను ఏ కంప్యూటరును ముట్టలేదు" అను సమాధానము చట్టము ముందు నిలువదు. గొలుసు పటములో ఈ లంకె లేదు. కాని బడిపిల్లలు తప్పక తెలిసికొనవలసిన లంకె ఇదియే.

రెండవ పరీక్ష: 2017 మే నెల

బ్యాంకు సంగతిలో దాడి నెలల తరబడి నడచినది. దీనికి పూర్తిగా భిన్నమైన సంఘటన 2017లో జరిగినది. ఆ యేడు మే 12వ తేదీ శుక్రవారమున వానాక్రై అను ప్రోగ్రాము ప్రపంచమంతట వ్యాపింపనారంభించెను. సుమారు 150 దేశములలో రెండు లక్షలకు మించిన కంప్యూటర్లు దీని వాతబడినవి. ఇది ఫైళ్లను రహస్య లిపిలోనికి మార్చి తాళము వేసి, విడుదలకు 300 డాలర్ల విలువగల బిట్‌కాయిన్లు చెల్లింపుమని తెరమీద ప్రకటించెడిది. మరునాటికి ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలో కూడ దీని జాడ బయటపడెను. చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాలలో 18 పోలీసు విభాగముల కంప్యూటర్లు దీని బారిన పడినట్లు ఆనాడు పత్రికలు ప్రకటించెను.

వానాక్రైని గొలుసు పటముతో సరిచూచినచో చిక్కు ఏర్పడును. ఇందులో ఒక సంస్థను ఏరి ఆరా తీసినవాడు లేడు. ప్రోగ్రామే చిరునామాలను తడవి చూచుకొనుచు పోయెడిది. ఎవరును ఉత్తరము తెరువనక్కరలేదు. విండోస్‌లో ఫైళ్లను పంచుకొనుటకు ఉద్దేశింపబడిన సదుపాయమునందలి ఒక లోపము గుండా, నెట్‌వర్కులో ఒక యంత్రము నుండి ప్రక్క యంత్రమునకు అది తానే దూకెడిది. చేరవేత, లోపమును వాడుకొనుట, పాతుకొనుట వేరువేరు దశలుగాక క్షణములలో ఒక్కటైపోయినవి. బయటి ఆజ్ఞకై వేచియుండు అవసరము కూడ దానికి లేదు. రక్షకుడు ఏ లంకెను తెంపవలెనో ఆలోచించునంతలో యంత్రము తాళము వేసికొనుచున్నది.

అయితే ఇక్కడ రక్షకునికి కాలమే చిక్కలేదా? చిక్కినది. ఆ లోపమును సరిచేయు సవరణను మైక్రోసాఫ్ట్ సంస్థ మార్చి 14వ తేదీననే విడుదల చేసెను. ఏప్రిల్ 14న షాడో బ్రోకర్స్ అను పేరుగల అజ్ఞాత బృందము ఆ లోపమును వాడుకొను సాధనమును బహిరంగముగా వెల్లడించెను. దాడి మే 12న జరిగెను. అనగా సవరణ చేతికందిన పిదప 59 దినములు, ప్రమాదము బహిరంగమైన పిదప 28 దినములు గడువున్నది. ఇంగ్లండులో ప్రభుత్వ ఆసుపత్రులను నడుపు 236 ట్రస్టులలో 81 దీనివలన ఇబ్బందిపడినవి. దీనిపై విచారణ జరిపిన బ్రిటిషు జాతీయ ఆడిట్ కార్యాలయము, మౌలికమైన జాగ్రత్తలు పాటించియున్న దీనిని నివారింపగలిగెడివారే అని తేల్చినది.

ఈ 59 దినములు గొలుసులో ఎచ్చటను కానరావు. ఏలయనగా గొలుసు దాడి చేయువాని పనులను మాత్రమే వరుసగా చెప్పును. రక్షకుడు చేయక విడిచిన పనులకు అందులో గడి లేదు. న్యాయముగా చెప్పవలెనన్న, ఇది పత్రము వ్రాసినవారి తప్పు కాదు. ఏరికోరి ఒకే సంస్థను పలుమారులు వేధించు శత్రువును దృష్టిలో నుంచుకొని వారు వ్రాసిరి. తానే ప్రాకు ప్రోగ్రామును గూర్చి వారు వ్రాయలేదు. ఆ పటమును ప్రతి దాడికిని అతికించి బోధించువారిదే తప్పు.

నది నేర్పు పాఠము

ప్రమాదము దూరమున ఉండగానే కాలమును లెక్కించుట ఎట్లో కృష్ణా డెల్టావారికి వేరుగా చెప్పనక్కరలేదు. ఎగువన పులిచింతల నుండి ఎంత నీరు వదలినారో తెలిసినచో, అది విజయవాడకు ఎప్పుడు చేరునో అంచనా కట్టుదురు. ప్రకాశం బ్యారేజీ వద్ద ప్రవాహము 3.97 లక్షల క్యూసెక్కులకు చేరినప్పుడు మొదటి ప్రమాద హెచ్చరికను, 5.69 లక్షలకు చేరినప్పుడు రెండవ దానిని ఎగురవేయుదురు. వరద ఏ దశలో ఉన్నదని మాత్రమేకాక, లంకగ్రామముల ప్రజలను తరలించుటకు ఎంత వ్యవధి మిగిలియున్నదని కూడ ఆ హెచ్చరికలు తెలుపును.

2024 సెప్టెంబరు మొదటి దినములలో బ్యారేజీ వద్ద ప్రవాహము 11 లక్షల 43 వేల క్యూసెక్కులకు పెరిగి పాత రికార్డులను దాటినది. కాని సింగ్‌నగరు ప్రాంతమును ముంచినది కృష్ణ కాదు. గండ్లు పడిన బుడమేరు. అందరును చూచుచున్న కొలబద్ద ఒక నది మీద ఉండగా, నీరు మరియొక ప్రక్క నుండి వచ్చినది. ఏడు లంకెల గొలుసు కూడ ఇట్టి కొలబద్దయే. అది నిలిపిన చోట సరిగా చెప్పును. దానిని చూచుచు మిగిలిన ప్రక్కలను మరచినచో వానాక్రై వంటిది బుడమేరు వలె వచ్చి పడును.

కాలమును కొలుచుట

గొలుసులో లోపించిన కాలగణనను అంతకు పూర్వమే ఒకరు సూచించియుండిరి. విన్ శ్వార్టౌ అను అమెరికను రచయిత 1999లో ప్రకటించిన గ్రంథములో ఒక చిన్న సూత్రము కలదు. రక్షణ నిలుచు కాలము, దాడిని కనుగొను కాలముకంటెను, ప్రతిచర్యకు పట్టు కాలముకంటెను, ఆ రెండింటి మొత్తముకంటెను అధికముగా ఉండవలెనని దాని భావము. ఉదాహరణకు ఒక తలుపు 30 నిమిషములు బద్దలుకొట్టుటకు ఓర్చుకొనుననుకొందురు గాక. కాపలావాడు 10 నిమిషములలో శబ్దము విని, 15 నిమిషములలో అచ్చటికి చేరినచో మొత్తము 25 నిమిషములు. తలుపు గెలిచినది. అదే తలుపును రాత్రియంతయు చూచువాడు లేనిచో, కనుగొను కాలము 8 గంటలగును. తలుపు మారలేదు, తాళము మారలేదు. రక్షణ మాత్రము సున్నయైనది. బ్యాంకును దోచినవారు సెలవు దినములను ఎంచుకొనుటలోని మర్మము ఈ లెక్కయే.

కనుగొనుటలో ఓర్పు ఎంత పనిచేయునో తెలుపు పాత సంఘటన యొకటి కలదు. 1986లో కాలిఫోర్నియాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలలో కంప్యూటరు వాడకపు పద్దులలో 75 సెంట్లు, అనగా ఒక డాలరులో ముప్పాతిక వంతు తేడా వచ్చినది. క్లిఫర్డ్ స్టోల్ అను ఖగోళశాస్త్రజ్ఞుడు దానిని కొట్టివేయలేదు. చొరబాటుదారుని వెంటనే తరిమివేయక, అతడు నొక్కిన ప్రతి మీటను ముద్రణయంత్రముపై నమోదు చేయుచు నెలల తరబడి గమనించెను. అతడు సుమారు 450 కంప్యూటర్లను తట్టి చూచి, 30కి పైగా కంప్యూటర్లలో ప్రవేశించినట్లు తేలినది. తుదకు ఆ జాడ పశ్చిమ జర్మనీలోని హానోవర్ నగరమునకు చేరినది. నక్షత్రముల గమనమును నమోదు చేయు అలవాటే ఆ శాస్త్రజ్ఞునికి ఇక్కడ ఉపకరించినది.

ఇక చొరబాటు మొదలైనది మొదలు బయటపడువరకు పట్టు కాలమును ప్రతి సంవత్సరము లెక్కించి ప్రకటించు మాండియంట్ సంస్థ అంకెలను చూడవలెను. ఆ సంస్థ పరిశోధించిన దాడులలో మధ్యగత విలువ 2011లో 416 దినములు. 2023లో 10 దినములు. ఇది రక్షకుల ఘనవిజయమని తొందరపడి చెప్పరాదు. ఈ నడిమి కాలములో ఫైళ్లకు తాళము వేసి డబ్బు అడుగు దాడులు విస్తరించినవి. అట్టి దుండగులు తమ రాకను తామే తెరమీద ప్రకటించుకొందురు. దొంగ తానే డప్పు కొట్టుకొని వచ్చినప్పుడు, కాపలావాడు త్వరగా మేల్కొన్నాడని మెచ్చుకొనుటలో అర్థము లేదు. ఒక సంఖ్య తగ్గినది అనుటతో సరిపోదు. ఏ కారణమున తగ్గినదని అడుగుట శాస్త్రదృష్టి.

తరువాతి యత్నములు

గొలుసులోని కొరతలను తీర్చుటకు యత్నములు జరుగకపోలేదు. అమెరికాలోని మైటర్ సంస్థ 2015లో అటాక్ అను పేరుతో ఒక పెద్ద పట్టికను ప్రజలకు అందుబాటులోనికి తెచ్చెను. దుండగులు నిజముగా వాడిన పద్ధతులను వారి ఉద్దేశములనుబట్టి అందులో వర్గీకరించిరి. ఏడవ లంకెలో మూటకట్టియుండిన పనులను, అనగా యంత్రము నుండి యంత్రమునకు ప్రాకుట, పాస్‌వర్డులను ఏరుకొనుట మొదలగువానిని ఈ పట్టిక విడదీసి చూపినది. దాడి ఒకే వరుసలో సాగవలెనను నియమమును కూడ ఇది సడలించినది. ఇది నిజమైన అభివృద్ధియే. అయినను ఇది నిఘంటువు వంటిది. నిఘంటువులో పదములన్నియు ఉండును, కథ ఉండదు. ఏ పని తరువాత ఏ పని, ఎంతసేపటికి జరిగినదో తెలుపుటకు ఈ పట్టికకును తేదీలు జతచేయక తప్పదు.

ఈ విషయమున భారత ప్రభుత్వపు నిబంధన యొకటి గమనింపదగినది. కంప్యూటరు అత్యవసర పరిస్థితులను చూచు సెర్ట్-ఇన్ సంస్థ 2022 ఏప్రిల్ 28న కొన్ని ఆదేశములను జారీచేసెను. వాని ప్రకారము సంస్థలు తమ కంప్యూటర్ల గడియారములను జాతీయ భౌతిక ప్రయోగశాల లేదా జాతీయ సమాచార కేంద్రము వారి కాలముతో సరిపోల్చియుంచవలెను. యంత్రములు వ్రాసికొను దినచర్యలను 180 దినములు భద్రపరచవలెను. దాడి జరిగినట్లు గుర్తించిన 6 గంటలలోపల తెలియజేయవలెను.

గడియారముల సంగతి చిన్నదిగా తోచవచ్చును. కాని ఒక కంప్యూటరు గడియారము 7 నిమిషములు ముందు, మరియొక దానిది 7 నిమిషములు వెనుక ఉన్నదనుకొందురు గాక. ముందు జరిగినది తరువాత జరిగినట్లును, కార్యము కారణమునకు ముందే పుట్టినట్లును నమోదగును. అప్పుడు ఏ సిద్ధాంతమును పనికిరాదు. 180 దినముల నియమములోని యుక్తి కూడ బ్యాంకు సంగతివలన తెలియును. జనవరిలో దొంగతనము బయటపడినప్పుడు, నవంబరు నాటి ఉత్తరముల జాడ యంత్రములో మిగిలియున్నప్పుడే కథ పూర్తిగా తెలియును. నెల దినముల దినచర్యను మాత్రమే దాచుకొను సంస్థకు ఆ కథలో చివరి పేజీ మాత్రమే దక్కును.

ఉన్నత పాఠశాలలలో చేయదగినది

ఉన్నత పాఠశాలల కంప్యూటరు గదులలో కోట్ల రూపాయలు ఉండవు. కాని విద్యార్థుల మార్కులు, చిరునామాలు, తల్లిదండ్రుల ఫోను నంబర్లు ఉండును. రెండు లెక్కలను ఉపాధ్యాయులు ఎప్పటికప్పుడు చూచుకొనదగును. సవరణ విడుదలయైన ఎన్ని దినములకు తమ యంత్రములలో చేరుచున్నది? ముఖ్యమైన ఫైళ్లకు వేరుగా తీసి నెట్‌వర్కుతో సంబంధము లేకుండ ఉంచిన నకలు ఎన్ని దినముల నాటిది? మొదటి సంఖ్య వానాక్రైనాటి 59 దినములను జ్ఞప్తికి తెచ్చును. రెండవ సంఖ్య, దాడి జరిగినచో ఎన్ని దినముల శ్రమ పోవునో చెప్పును. డబ్బు పోయిన సందర్భములలో వెంటనే 1930 నంబరునకు ఫోను చేయవలెనను హెచ్చరిక వెనుక ఉన్నది కూడ కాలగణనమే. సొమ్ము ఒక ఖాతా నుండి నాలుగు వందల ఖాతాలకు చెదరకముందే ఆపుటకు ప్రతి గంటయు విలువైనది.

తరగతిలో ఈ విషయమును బోధించునప్పుడు ఏడు పేర్లను వల్లెవేయించుటవలన ఫలము తక్కువ. పత్రికలలో వచ్చిన ఏదైన ఒక దాడిని తీసికొని, కాగితము మీద రెండు నిలువు వరుసలు గీయించవలెను. ఎడమ వరుసలో తేదీవారీగా దాడి చేయువాడు చేసినది, కుడి వరుసలో అదే తేదీన రక్షకుడు చేసినది వ్రాయించవలెను. కుడి వరుసలో ఖాళీగా మిగిలిన గడులే ఆ దాడిలోని అసలు పాఠము.

హచిన్స్ మొదలగువారి పత్రము దాడిని క్షణము నుండి క్రమముగా మార్చి చూపినది. అందుకు దానికి గౌరవము చెల్లవలెను. కాని ఆ క్రమమునకు కాలమును, ప్రతిపక్షపు వరుసను, యంత్రముల వెలుపలి మనుష్యులను చేర్చనిదే అది అసంపూర్ణము. గొలుసును గడియారము ప్రక్కన ఉంచి చదివినవారికి మాత్రమే, ఏ లంకెను ఎప్పటిలోగా తెంపవలెనో తెలియును.